అరవై అడుగుల స్టాండు

ఫిబ్రవరి 3

ఈ రోజు నుంచి నేను రచయిత్రిని. పట్టాభిషేకం గవర్నర్‌పేటలో, నీళ్ళ మోటార్లు హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు పైన, రెండో అంతస్తులోని మా సంఘం ఆఫీసులో జరిగింది. కరెంటు లేదు. సభకు ఒక బల్లి హాజరైంది.

"డయానా, నీ ఇంగ్లీషు చాలా నీటుగా ఉంటుందమ్మా," అన్నారు డైరెక్టర్ సంజీవరావు గారు. ఆయన ఎవరి నెత్తిన ఏ మూట పెట్టాలన్నా ముందు ఆ నెత్తిని మెచ్చుకుంటారు. "బెంగళూరులో ఏదో ఫౌండేషన్ వాళ్ళు చిన్నపిల్లల ప్రాజెక్టులకి డబ్బిస్తున్నారంట. ఆ ప్రపోజలేదో నువ్వు రాసి పడెయ్."

"నేను అకౌంట్స్‌కి కదండీ చేరింది."

"డబ్బొస్తేనే కదమ్మా అకౌంట్స్."

బల్లి టిక్కుటిక్కుమంది. తీర్మానం ఏకగ్రీవం.

నిజానికి విషయం చాలా చిన్నది. నాగాయలంక అవతల తుమ్మలదిబ్బలో మా శిశుకేంద్రం ఉంది. చేపలమ్మే తల్లులు తెల్లారకముందే రేవుకి పోతారు గనక వాళ్ళ పిల్లలు ఇరవై మంది మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు. హాలు ముందు జాగా, జాగా అవతల పంటకాలువ, రెంటికీ మధ్య గాలి. పోయిన నెల మోక్షిత్ అనే రెండున్నరేళ్ళ పెద్దమనిషి ఆ గాలిలోంచి తిన్నగా నడుచుకుంటూ పోయి కాలువలో దిగాడు. టీచర్ సుధామణి గారు చొక్కా పట్టుకుని పైకి లాగారు. కాలువ ఒక చెప్పుతో సరిపెట్టుకుంది.

కాబట్టి కావలసింది ఒక కంచె, దానికో గేటు. ఇది ఒక్క వాక్యం. ఫౌండేషన్ వారికి ఇరవై పేజీలు కావాలి. మిగతాదంతా నా ప్రతిభ మీద ఆధారపడి ఉంది.

ఇంతకు మించి నాకు దీనితో సంబంధం లేదు. నేను రాసేదాన్ని, అంతే.

ఫిబ్రవరి 5

ఫౌండేషన్ వారి మార్గదర్శకాలు చదివాను. తలస్నానం చేసి మరీ చదివాను.

వారు జీతాలకివ్వరు. అద్దెకివ్వరు. బియ్యానికీ గ్యాసుకీ అసలే ఇవ్వరు. గోడలూ కంచెలూ వగైరా కట్టడాలకు సూత్రప్రాయంగా ఇవ్వరు గానీ, పేజీ అడుగున చీమలంత అక్షరాల్లో కాస్త దయ ఉంది: తమ ప్రతినిధులు వచ్చి చూసినప్పుడు ఆ అవసరం వారి కంటికి స్వయంగా కనబడితే, చిన్న కట్టడానికి కొంత ఇస్తారట.

మరి దేనికిస్తారయ్యా అంటే, ఇన్నోవేషన్‌కి. పిల్లలు నీళ్ళలో పడకుండా చూడడం ఇన్నోవేషన్ కిందకి రాదు. అది బాగా పాతబడిన ఆలోచన.

"కంటికి స్వయంగా" అన్నచోట గీత గీసుకున్నాను. కాలువ ఎక్కడికీ పోదు కదా. వస్తారు, చూస్తారు, ఇస్తారు. మన పని అయిపోయినట్టే.

ఫిబ్రవరి 8

తుమ్మలదిబ్బ వెళ్ళొచ్చాను. ఉయ్యూరు దాటేదాకా బస్సంతా చెరకు పాకం వాసన. అవనిగడ్డ దాటాక చేపల వాసన. మధ్యలో కాసేపు ఏ వాసనా రాకపోయేసరికి దిగులేసింది.

సుధామణి గారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. మోక్షిత్ గారు కొంచెం దూరంలో చీపురుపుల్లతో నేలను శిక్షిస్తున్నారు. నన్ను చూసి, పరిచయం చేసుకుందామని కాబోలు, లేచి నా వైపు నడిచారు. సగం దారిలో టక్కున ఆగిపోయారు. నడుముకి వలతాడు ఉంది. దాని రెండో కొస కిటికీ ఊచకి ఉంది.

"ఇదేంటండీ?"

"తాడండీ," అన్నారు సుధామణి గారు తలెత్తకుండా. "ఇరవై మందిలో ఈడొక్కడే పొద్దస్తమానం కాలువ మొగాన పోయేది. నేను ఈడెనక పోతే మిగతావాళ్ళు నా ఎనకాల వస్తారు. మీకింకో ఉపాయం తోస్తే చెప్పండి, ఇప్పుడే ఇప్పేస్తాను."

నాకేమీ తోచలేదు. తోచినట్టు తలూపాను.

ఈలోగా మోక్షిత్ నాయనమ్మ పేరమ్మ గారు రేవు నుంచి వచ్చి బుట్ట దించారు. ఆవిడ ఈ గట్టున మామూలుగా మాట్లాడితే ఆ గట్టున సైకిళ్ళు ఆగుతాయి.

"ఏవమ్మాయ్, ఇట్టా బక్కచిక్కిపోయావేంటి? మీ ఆఫీసులో కూడెట్టరా?"

"గేటు కోసం రాస్తున్నామండీ పేరమ్మ గారూ. చిక్కిపోతున్నాను."

"రాయి తల్లీ, బాగా రాయి. ఏప్రిల్లో కాలువకి నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో కొత్తనీళ్ళు వదులుతారు చూడు, ఆ జోరు మామూలుగా ఉండదు. ఆ లోపల గేటు పడిందా సరే సరి. లేదంటే మావోడి తాడు ఇంకో మూర తగ్గిద్దాం."

అని పెద్దగా నవ్వారు. నవ్వుతున్నంతసేపూ మనవడి వైపు చూడలేదు.

ప్రపోజల్లో తాడు సంగతి రాయను. "పిల్లల భద్రతకు స్థానికంగా లభించే వనరులతో ఏర్పాట్లు ఉన్నవి" అని రాస్తాను. అబద్ధమేమీ కాదు. వలతాడు స్థానికంగా లభిస్తుంది.

ఫిబ్రవరి 11

'సమస్య యొక్క స్వరూపం' అనే అధ్యాయం ముగించాను. సంజీవరావు గారు చదివి పెదవి విరిచారు.

"ఉప్పు తగ్గిందమ్మా."

"ఉప్పంటే?"

"కన్నీళ్ళు. ఎవరో ఒక మనిషి ఉండాలి. చదువుతుంటే అవతల మేడంగారు కళ్ళు తుడుచుకోవాలి."

సరేనని పేరమ్మ గారిని తీసుకున్నాను. తీరప్రాంతపు నిస్సహాయ మహిళ అన్నాను. తరతరాలుగా గొంతు లేనిది అన్నాను. తన మనసులోని మాట నలుగురి ముందు చెప్పుకునే ధైర్యం ఎరగదు అన్నాను. గొంతు లేనిది అని రాస్తున్నప్పుడు పేరమ్మ గారి గొంతు నా చెవిలో ఎంత గట్టిగా వినబడిందంటే కాసేపు కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

సంజీవరావు గారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పాపం, ఎవరమ్మా ఈవిడ?"

"పేరమ్మ గారండీ."

"మన పేరమ్మా?"

"అవునండీ."

కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంగ్లీషులోనే ఉండనియ్," అన్నారు చివరికి. "తెలుగులో మాత్రం ఎవరికీ చూపించబాక."

ఫిబ్రవరి 14

ప్రేమికుల దినం. లాగ్‌ఫ్రేమ్‌తో గడిపాను.

లాగ్‌ఫ్రేమ్ అంటే గళ్ళు. ఒక గడిలో పని, పక్క గడిలో ఆ పని వల్ల ఫలితం, ఆ పక్కన ఫలితానికి కొలత. పని: గేటు. ఫలితం: పిల్లలు బతికి ఉండుట. కొలత ఏమిటని గడి అడుగుతోంది. దాని ముఖం చూస్తూ కూర్చున్నాను. ఇబ్రహీంపట్నం బస్సు వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళేసరికి మా అమ్మ, థర్మల్ ప్లాంటు బూడిద పడిందని ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతుకుతోంది. ఆవిడ పని, ఫలితం, కొలత అన్నీ ఒకే బక్కెట్లో ఉన్నాయి. ఈర్ష్య కలిగింది.

ఫిబ్రవరి 17

ఇన్నోవేషన్ కనిపెట్టాను. పేరు 'బాలదర్పణం'. పిల్ల రాగానే సుధామణి గారు టాబ్లెట్‌తో ఒక ఫొటో తీస్తారు, వెళ్ళేటప్పుడు ఇంకోటి. ఆ లెక్క ఎప్పటికప్పుడు బెంగళూరులో తెర మీద కనబడుతుంది. తుమ్మలదిబ్బలో మోక్షిత్ ముక్కు కారితే కర్ణాటక రాజధానిలో తెలుస్తుంది.

దీనివల్ల ఎవరికేం ఒరుగుతుందని సంజీవరావు గారు అడగలేదు. నేనూ అడగలేదు. ఈ సంఘంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

కంచె, గేటు పద్దును ఇరవయ్యో పేజీలో చివరి వరుసలో పెట్టాను. పెళ్ళిలో పేద చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.

ఫిబ్రవరి 20

పంపేశాను. "ప్రాజెక్టు ముగిశాక మీరు ఎలా నిష్క్రమిస్తారు?" అని ఆఖరి ప్రశ్న. "గేటులోంచి" అని రాసి, మళ్ళీ చెరిపాను.

మార్చి 12

వస్తున్నారు. ఇరవయ్యారో తారీకున, ఇద్దరు. పెద్ద మేడం ఒకరు, ఆవిడ దగ్గర పనిచేసే హేమసుందర్ అనే ఆయన ఒకరు. సంజీవరావు గారు జుట్టుకు రంగు వేయించుకున్నారు. రంగు చెవులకి కూడా అంటింది.

మార్చి 13

పేరమ్మ గారికి ఫోన్ చేశాను. "పెద్దవాళ్ళు వస్తున్నారండీ. కాస్త చూసుకోండి," అన్నాను.

"అది నువ్వు చెప్పాలా? మా ఊరి మర్యాద మాకు తెలవదా? నువ్వు నిశ్చింతగా రా."

నిశ్చింతగా ఉన్నాను.

మార్చి 26

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరూ చదవరు గనక అలంకారాలు అనవసరం. అలంకారాలన్నీ పొద్దున తుమ్మలదిబ్బలో వాడేశారు.

కారు దిగేసరికి మా శిశుకేంద్రం లేదు. ఆ స్థానంలో ఒక పెళ్ళిపందిరి ఉంది. పేరమ్మ గారి మరిది కాశీరావు గారికి టెంట్ హౌస్ ఉంది. ఆయన తన కొట్టును పూర్తిగా ఖాళీ చేసి ఇక్కడ కుమ్మరించారు. పైన షామియానా. ముందు థర్మోకోల్ నెమళ్ళతో స్వాగత తోరణం. ఎర్ర తివాచీ. వెల్వెట్ తొడుగులేసిన కుర్చీలు. కాలువ ఉన్న వైపు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మనిషి ఎత్తున, జరీ పూల పరదాలు.

కాలువ లేదు.

నేను సంజీవరావు గారి వైపు చూశాను. ఆయన నెమళ్ళ వైపు చూస్తున్నారు. "ఎంత శ్రద్ధగా చేశారమ్మా," అన్నారు. అప్పుడు అర్థమైంది, ఈయన వల్ల ఏమీ కాదని.

మెల్లగా పరదా దగ్గరికి వెళ్ళి ముడి విప్పబోయాను. కాశీరావు గారు తుఫానుకి కూడా ఊడకుండా కట్టిన ముడి అది. వెనకనుంచి పేరమ్మ గారు చెయ్యి పట్టుకున్నారు. పట్టుచీర, మెడలో ఉన్నవన్నీ, లేనివి చుట్టాలవి.

"అమ్మాయ్, ఏంటా పని? అటుపక్క గలీజు. వచ్చినోళ్ళకి అదా చూపించేది?"

"అదే చూపించాలండీ," అన్నాను పళ్ళ బిగువున.

"నీకేమన్నా మతి పోయిందా?"

ఈలోగా పెద్ద మేడం వెల్వెట్ కుర్చీలో కూర్చుని, చేతిలోని కాగితాలు తిప్పి, హేమసుందర్ గారితో ఏదో అన్నారు. ఆయన బందరు మనిషట. ఆవిడ ఇంగ్లీషును ఆయన తెలుగులోకి దించుతున్నారు. "నిస్సహాయ మహిళ పేరమ్మ గారంటే ఎవరండీ?"

"నేనేనండీ," అంది పట్టుచీర, కాలువ అవతల సైకిళ్ళు ఆగేంత ధీమాగా.

మేడం కాగితం చూశారు, మనిషిని చూశారు, మళ్ళీ కాగితం చూశారు.

"మీకిక్కడ ముఖ్యమైన ఇబ్బంది ఏంటో చెప్తారా?" అని హేమసుందర్ గారు అడిగారు.

నేను పేరమ్మ గారి కళ్ళలోకి చూశాను. గేటు, గేటు, గేటు అని పెదాలు కదిపాను. ఆవిడ నా వైపు చూసి, ఈ పిల్లకి నిజంగానే ఏదో అయిందన్నట్టు జాలిపడి, అతిథుల వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు.

"మాకేం లోటండీ. మీలాటోళ్ళు మా గడప తొక్కారు, అంతే చాలు. లేవండి, భోజనాలు చల్లారిపోతున్నాయి."

మేడం ముఖం వికసించింది. మోక్షిత్ గారు ఈ రోజు తాడు లేకుండా, సిల్కు పంచెతో, నాయనమ్మ ఒడిలో బందీగా ఉన్నారు. మేడం ఆయన బుగ్గ గిల్లారు. ఇంత భద్రంగా ఉన్న కేంద్రాన్ని తాను ఈ మధ్య చూడలేదన్నారు. అది కూడా హేమసుందర్ గారే తెలుగులోకి దించారు, దించేటప్పుడు పరదాల వైపు ఒకసారి చూశారు.

రెండు రకాల చేపలు, రొయ్యలు, గారెలు, పాయసం. మేడం శాకాహారి, కనక ఆవిడకు విడిగా మళ్ళీ అన్నీ. హేమసుందర్ గారు పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ పరదా కిందనుంచి వంగి అటు దూరారు. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఎంతసేపు తిరిగారో. తిరిగి వచ్చేసరికి బూట్లు బురద, ప్యాంటుకి పల్లేరుకాయలు. పాపం, ఒక్కొక్కటే పీక్కుంటూ కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు.

బెంగళూరు బూట్లకి తుమ్మలదిబ్బ బురద. మా ప్రాజెక్టు సాధించిన తొలి ప్రభావం.

మార్చి 27

"కాస్త చూసుకోండి" అనడంలో తప్పేముంది. ఎవరైనా అంటారు.

మార్చి 29

ఎవరైనా అంటారు.

ఏప్రిల్ 9

వచ్చింది. బాలదర్పణానికి మంజూరు. రెండు టాబ్లెట్లు, ఏడాది పాటు ఇంటర్నెట్టు, టీచర్‌కి శిక్షణ, పరికరాల అమరికకు ఖర్చు. ఇరవయ్యో పేజీలో చివరి వరుస మీద మేడంగారు రాసింది నా తెలుగులో: "సరిహద్దు ఏర్పాట్లు ఇప్పటికే చక్కగా, కళాత్మకంగా ఉన్నవి. ఈ పద్దు అనవసరం. తొలగించడమైనది."

కళాత్మకంగా.

సంజీవరావు గారు స్వీట్లు తెప్పించారు. "గ్రాంటు గ్రాంటే కదమ్మా," అన్నారు. ఒక మైసూర్‌పాకు తిన్నాను. తర్వాత ఇంకోటి తిన్నాను. నేను రాసేదాన్ని, అంతే. రాసింది మంజూరైంది. రచయిత్రికి ఇంతకంటే ఏం కావాలి.

ఏప్రిల్ 11

తుమ్మలదిబ్బ వెళ్ళాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక. షామియానా ఎప్పుడో పోయింది. మోక్షిత్ గారు కిటికీ దగ్గర తాడు కొసన యథాస్థానంలో ఉన్నారు. చీపురుపుల్ల మారింది.

చెప్పాను. సుధామణి గారు లోపలికెళ్ళి పిల్లల గిన్నెలు కడిగారు. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

పేరమ్మ గారు మాత్రం కొంగు దోపుకుని నా ఎదుటికి వచ్చారు. "అయితే ఆ గుడ్డలు కట్టబట్టి రాలేదంటావా?"

"అవునండీ."

"నేను లోటేం లేదనబట్టి."

"అదీ ఉందండీ."

"మరి ఇంటికొచ్చినోళ్ళ మొకం మీద మాకది లేదు, ఇది లేదు, ఇప్పించండి అంటామా అమ్మాయ్? సిగ్గుండద్దూ?"

"ప్రపోజలంటే అదేనండీ. ఇరవై పేజీలు అదే."

ఆవిడ నన్ను పై నుంచి కింద దాకా చూశారు. "అయితే మా గురించి అట్టానే రాశావా?"

గొంతు లేనిది, ధైర్యం ఎరగనిది, నిస్సహాయ. అన్నీ నా కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

"కొంచెం రాశానండీ."

"ఊఁ," అన్నారు పేరమ్మ గారు. ఆవిడ అంత చిన్నగా మాట్లాడడం మొదటిసారి విన్నాను. వెళ్ళి మనవడి తాడు ముడి సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారు.

బస్సులో ఎవరో పకోడీలు పెడితే వద్దన్నాను. చరిత్రలో మొదటిసారి.

ఏప్రిల్ 18

కాలువ కట్టేశారట. అడుగున పలచగా నీళ్ళు, చిన్న పరిగె చేపలు. పిల్లలు దిగి పట్టుకుంటున్నారని సుధామణి గారు ఫోన్‌లో చెప్పారు. తాడు విప్పేశారట.

జూన్ దాకా దేవుడు గేటు వేశాడు. ఆయన ప్రపోజలు అడగలేదు.

మే 6

టాబ్లెట్లు వచ్చాయి. పట్టుకెళ్ళి సుధామణి గారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నారు.

"ఇది నా చేతిలో ఉంటే పిల్లల్ని ఏ చేత్తో పట్టుకోనండీ?"

"ఎక్కడైనా పెట్టండి."

"కింద పెడితే తొక్కుతారు. బల్ల మీద పెడితే లాగుతారు. దేనికన్నా బిగించాలి. వచ్చేప్పుడూ పొయ్యేప్పుడూ ఫొటో అన్నారు కదా, మరి ఈళ్ళు ఒక దారినా వచ్చేది? ఎటు చూస్తే అటునుంచి వస్తారు, ఎటు బడితే అటు పోతారు. నేను ఏ మూలనని నిలబడేది?"

ఆవిడ విసుగ్గా అన్న మాట. నేను టాబ్లెట్‌ను చూశాను. ఖాళీ జాగాను చూశాను. ఎండిన కాలువను చూశాను. మంజూరు ఉత్తరంలో పద్దు గుర్తొచ్చింది: పరికరాల అమరికకు ఖర్చు.

తిరిగి వచ్చేటప్పుడు ఉయ్యూరు ఎప్పుడు దాటిందో తెలియలేదు.

మే 9

శాస్త్రం ఇలా ఉంది. హాజరు నమోదు కావాలంటే పిల్ల లోపలికి రావాలి. లోపలికి రావాలంటే 'లోపల' అనేది ఒకటి ఉండాలి. లోపల ఉండాలంటే దానికి బయట ఉండాలి. లోపలకీ బయటకీ మధ్య టాబ్లెట్ ఉండాలి. టాబ్లెట్ గాలిలో నిలబడదు, దానికి స్టాండు ఉండాలి. పిల్లలు స్టాండును తప్పించుకుని పక్కనుంచి దూరిపోతే డేటా చెడుతుంది. కాబట్టి స్టాండు జాగా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉండాలి. డేటా పవిత్రతకు ఇంతకు మించి మార్గం లేదు.

సవరించిన బడ్జెట్: "టాబ్లెట్ స్టాండు, ఒకటి. ఇనుము. ఎత్తు నాలుగడుగులు, పొడవు అరవై అడుగులు. నడుమ తెరుచుకొను భాగము కలదు."

సంజీవరావు గారు చదివారు. మళ్ళీ చదివారు. చెవులకంటిన రంగు పోయింది గానీ ఆ చెవులే ఎర్రబడ్డాయి.

"అరవై అడుగుల స్టాండేంటమ్మా? ఆ టాబ్లెట్ చూస్తే అరచెయ్యంత లేదు."

"టాబ్లెట్ చిన్నదే సార్. డేటా పెద్దది."

"వాళ్ళు నమ్ముతారా?"

"గొంతు లేని పేరమ్మను నమ్మారు కదండీ."

ఆయన బల్లి వైపు చూశారు. బల్లి ఏమీ అనలేదు. "నా సంతకం చిన్నగా పెడతాను," అన్నారు. నిజంగానే చిన్నగా పెట్టారు. భూతద్దం కావాలి.

మే 23

జవాబు లేదు.

మే 30

జవాబు లేదు. ఆకాశంలో మబ్బు. ఊరంతా వాన రావాలని కోరుకుంటుంటే నేనొక్కదాన్నీ వద్దంటున్నాను. డెల్టా రైతులు క్షమింతురు గాక.

జూన్ 2

మేడంగారికి అంతా ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. పరదాలు, కాలువ, తాడు. మూడు వాక్యాలు రాశాను. నిజం రాయడం అలవాటు తప్పి ఇంగ్లీషు కూడా తడబడింది. దాచి ఉంచాను. ఈ వారం చూసి పంపేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, అమ్మతో కలిసి దుప్పట్లు ఉతుకుతాను.

జూన్ 6

జవాబు వచ్చింది. మేడంగారి నుంచి కాదు, హేమసుందర్ గారి నుంచి. సవరణల పద్దులు ఆయనే చూస్తారట. అంతా ఆఫీసు భాష. సవరించిన అమరిక ఖర్చు ఆమోదించడమైనది, రసీదులు జతపరచగలరు, వగైరా. మెయిల్ మూసేయబోతూ చివరి వరుస చూశాను. అదొక్కటే తెలుగులో ఉంది.

"స్టాండుకు గొళ్ళెం బయటివైపు, పైన పెట్టించండి. పిల్లల చేతికి అందకూడదు."

నేను రాసిన దాంట్లో గొళ్ళెం మాట ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను. లేదు.

పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీక్కుంటూ ఏమీ మాట్లాడకుండా కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. సిగ్నల్ కోసం వెళ్ళాడనుకున్నాను. ఆ గట్టు మీద సిగ్నల్ లేదని అందరికంటే నాకే బాగా తెలుసు.

దాచి ఉంచిన మూడు వాక్యాలు అలాగే ఉంచాను. పంపలేదు, చెరపలేదు.

జూన్ 15

కాలువకి నీళ్ళు వదిలారు. వెల్డింగ్ ఇంకా కాలేదు. పనివాడి మేనమామ కూతురి పెళ్ళట. సుధామణి గారు మళ్ళీ తాడు కట్టారు.

జూన్ 16

ఫోన్ చేశాను. మోక్షిత్ తాడుతోనే ఉన్నాడట. అన్నం తినలేదట.

జూన్ 18

స్టాండు నిలబడింది. నేనూ వెళ్ళాను. ఊరంతా వచ్చింది. కాశీరావు గారు షామియానా తెస్తానంటే పేరమ్మ గారు ఆయన వైపు చూసిన చూపుకి ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

టాబ్లెట్‌ను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి గేటు పక్క కమ్మీకి తగిలించాం. స్టాండు కదా మరి. గాలికి కాస్త ఊగుతోంది. వెనక కాలువ నిండుగా, ఎర్రగా, సుడులు తిరుగుతూ పోతోంది.

సుధామణి గారు వలతాడు చుట్ట చుట్టి నా చేతిలో పెట్టారు. "మీ బెంగళూరోళ్ళకి పంపండి. స్థానికంగా దొరికే వనరు అని."

ప్రపోజలు ఆవిడకెవరు చదివి వినిపించారో తెలియదు. సంజీవరావు గారయితే ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడాలి. నేను చూసుకుంటాను.

పేరమ్మ గారు గేటు తీసి చూశారు, వేసి చూశారు. "నేను గొంతు లేనిదాన్నంట కదా," అన్నారు, అవతల గట్టున గేదెలు కూడా తలెత్తేలా. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. తిట్టారా, క్షమించారా అన్నది ఇంకా తేలలేదు. పులుసులో కారం మాత్రం కావాలనే ఎక్కువ వేశారు.

జూన్ 27

ఫౌండేషన్ వారికి మొదటి నెల నివేదిక రాయాలి. వివరాల కోసం వెళ్ళాను. టాబ్లెట్‌లో ఫొటోలు ఉన్నాయి. సగం ఫొటోల్లో మోక్షిత్ గారి నాలుక.

మేడంగారు మెయిల్‌లో స్టాండు డిజైన్‌ను మెచ్చుకున్నారు. దృఢంగా ఉందట. రాజస్థాన్‌లోని తమ కేంద్రాలకు కూడా ఇదే పొడవున చేయిస్తారట. అక్కడ కాలువ ఉందో లేదో నేను అడగలేదు.

నేను చేరేసరికి గేటు వేసి ఉంది. గొళ్ళెం బయటివైపు, పైన. మోక్షిత్ గారు లోపల ఉన్నారు. తాడు లేదు. నడుము మీద ఒరుసుకుపోయిన గీత ఇంకా కొంచెం ఉంది. ఆయన జాగా అంతా ఒక చుట్టు తిరిగారు. ప్రతి కమ్మీనీ ముట్టుకుని చూశారు. ఎక్కడా దారి లేదని నిర్ధారించుకుని, గేటు దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఊపారు. గేటు కదల్లేదు. మళ్ళీ ఊపారు. నా వైపు చూశారు.

"తియ్యి."

నేను తియ్యలేదు.

"తియ్యే," అన్నాడు, అచ్చం నాయనమ్మ గొంతుతో. అవతల గట్టున ఎవరో సైకిల్ ఆపి చూశారు. ముఖమంతా ఎర్రగా చేసుకుని, కళ్ళనిండా నీళ్ళతో, ఊపిరి పీల్చుకోవడానికి ఆగి ఆగి, నన్నూ మా వంశాన్నీ తిట్టాడు. నేను బయట కాలువ గట్టున చతికిలబడి మొత్తం విన్నాను. వెనక నీళ్ళ చప్పుడు.

రాత్రికి నివేదిక పూర్తి చేయాలి. అందులో 'లబ్ధిదారుల అభిప్రాయం' అని ఒక గడి ఉంది. బస్సులోనే నింపేశాను: "తీవ్ర అసంతృప్తి."

ఫిబ్రవరి నుంచి నేను నింపిన గళ్ళన్నిట్లోకీ ఉన్నది ఉన్నట్టు రాసింది అదొక్కటే.